నిలబెట్టని ఏడు రాళ్లు

డిసెంబరు 6, శనివారం

ఈ పుస్తకం మా మనవరాలు బేబిది. విశాఖలో లా చదువుతోంది. ముందు పది కాగితాల్లో దాని పాఠాలేవో ఉన్నాయట. వాటిని చింపొద్దన్నాను. మిగిలినదంతా ఇక నాది. నాకు చదువు రాదు. నేను చెప్తాను, అది రాస్తుంది. శని, ఆదివారాలు రైలెక్కి వస్తుంది కాబట్టి ఆ రెండు రోజులూ ఎదురుగా కూర్చుని, మిగతా రోజుల్లో ఫోన్లో.

పోయిన వాయిదాకి పాడేరు కోర్టులో నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. లక్ష్మీప్రసాద్‌ని తిట్టాను, వాడి తండ్రిని తిట్టాను, తాతని ఇంకొంచెం ఎక్కువ తిట్టాను. కేసులు వినే మేడం గారు గడియారం చూసి, "ఇంతకీ మీరు అడిగేది ఏమిటమ్మా?" అన్నారు. అప్పటికి నా వంతు అయిపోయింది.

బయటికొచ్చాక మా లాయరు ధనరాజు నెత్తి పట్టుకున్నాడు.

"నీకిచ్చింది పది నిమిషాలు రత్నాలమ్మా. తొమ్మిది నిమిషాలు తిట్లకే పోతే కేసెప్పుడు సెప్తావు?"

"తిట్టక ముద్దెట్టుకుంటానేటి?"

"రోజూ కొంత సెప్పి రాయించుకో. రాసిందాంట్లో తిట్లు తీసీ. మిగిలిందే కేసు."

అందుకని ఇది. బేబి అంటోంది, మూడు ముక్కలు చెప్తే చాలట: నేనెవరు, ఏం జరిగింది, ఏం కావాలి.

నేను గెమ్మెలి రత్నాలుని. మాది అనంతగిరి మండలం జీలుగుపుట్టు. వాగు పక్కన, అదే మా గెడ్డ పక్కన, రెండెకరాల మెట్టు చేను నాది. పైన కాఫీ, కింద చోళ్లు, అవే రాగులు, అంచున వలిసెలు. వలిసెలు పసుపుగా పూస్తే టూరిస్టులు నన్నడక్కుండా చేలో దిగి ఫోటోలు తీసుకుంటారు. ఇప్పుడా మెట్టు మీద కాటేజీలు కట్టాలని లక్ష్మీప్రసాద్ చూస్తున్నాడు. వాడు మైదానం వాడు, ఏజెన్సీలో భూమి వాడి పేరున రాదు. అందుకని వాడి జీపు డ్రైవరు రవిబాబు పేరున పట్టా తీయించాడు. రవిబాబు నా చెల్లెలి కొడుకు. చెల్లెలు పోతే నేనే పెంచాను. నా చేతి అంబలి తాగిన నోటితో ఆ భూమి తన నాన్నదే అని అర్జీలో చెప్పాడు.

నాకు కావలసింది: నా భూమి నాదని రాసివ్వాలి.

ఇప్పుడు చదివి వినిపించింది. నేను "ఏటి" అంటే అది "ఏమిటి" అని రాస్తోంది. కోర్టు భాష అలాగే ఉంటుందట. ఉండనీ. తిట్లు మాత్రం సగం మింగేసింది గుంట.

డిసెంబరు 7, ఆదివారం

నా సాక్ష్యం ఏమిటని అడిగింది. చెప్తున్నాను.

మా తాత ఒక కరువులో సాహుకారు దగ్గర తిండిగింజలు తెచ్చుకున్నాడు. ఆ గింజలకి తాత, నాన్న, మా ఇంటిల్లిపాదీ సాహుకారు చాకిరీ చేశాం. దాన్నే గొత్తి అంటాం. ఆ సాహుకారు ఈ లక్ష్మీప్రసాద్ తాతే.

నాకు పదహారేళ్లప్పుడు, శివరాత్రి ముందు శుక్రవారం, సంత నిండుగా ఉండగా ఒక ఆఫీసరు జీపు దిగాడు. చింతపండు బస్తా మీదకెక్కి కాగితం చదివాడు. గొత్తి రద్దయింది, ఇక ఎవరూ ఎవరింటికీ చాకిరీకి పోనక్కర్లేదు అని. మాకు సగమే అర్థమైంది. మా నాన్న నెత్తి మీద సాహుకారు బస్తా ఉంది. దాన్ని సంత మధ్యలో దించేశాడు. విసరలేదు. గుడ్ల బుట్ట దించినట్టు మెల్లగా దించాడు. తిరిగి చూడకుండా గెడ్డకి నడిచి, మోకాలెత్తు రాయొకటి ఏరి, భుజాన వేసుకుని, తాతలనాటి ఈ మెట్టుకి తెచ్చి గట్టున నిలబెట్టాడు. గోతిలో గుప్పెడు చోళ్లు వేశాడు.

అది విడుపు రోజు. అప్పట్నుంచి ఏటా శివరాత్రి ముందు శుక్రవారం గట్టున ఒక రాయి, ముందటి రాయికి అడుగు దూరంలో. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఆ రోజు ఎవరూ ఎవరికీ పని చెప్పకూడదు. తల్లి బిడ్డని మంచినీళ్లు తెమ్మనకూడదు. మొగుడు పెళ్లాన్ని వడ్డించమనకూడదు. నా మొగుడు స్వామి ఆ రోజు అంబలి తనే ముంచుకునేవాడు, నా కంటే ఎక్కువే ముంచుకునేవాడు. నాకు మాత్రం ఆ రోజు గడవడం కష్టం. పొద్దుటి నుంచి నాలుక దురద పెడుతుంది.

ఊళ్లో అందరూ చేసేవారు. ఇప్పుడు నేనొక్కదాన్నే. కుర్రకారుకి చెప్తే, "అదేటి పండగ, డీజే లేదు, మేకపోతు లేదు" అంటున్నారు.

ఏటా ఒక రాయి. ఒక్క ఏడూ తప్పలేదు. యాభై ఏళ్లకి యాభై రాళ్లు. అర్జీలోనూ అదే రాయించాను. మధ్యలో గేదెలు పోవడానికి కాస్త దారి వదిలాం, అంతే.

డిసెంబరు 11

ఫోన్లో చెప్తున్నాను. సిగ్నల్ కోసం పైగట్టెక్కాను. చలిగా ఉంది. ఒక్క ఏడూ తప్పలేదని మళ్లీ రాయి.

డిసెంబరు 13

బేబి నాకు వాదన నేర్పుతోంది. వాళ్ల కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెట్టుకుని గౌన్లు తొడుక్కుని వాదించుకుంటారట. ఇవాళ అది ప్రసాద్ లాయరట, నేను నేనేనట.

"ఏవమ్మా, ఈ భూమి నీదనడానికి కాగితం ఉందా?"

"మీ తాతకుందా?"

"అమ్మమ్మా! అడిగిందానికి సెప్పు. ఎదురడగకూడదు."

"మరెలగ గెలుత్తావే? ఆడు అడుగుతుంటే నాను ఒప్పుకుంటా కూకోవాలా?"

"నువ్వు ఆడిని గెలవక్కర్లేదు. మేడాన్ని నమ్మించాల."

"నిజం సెప్తే నమ్మదేటి?"

"నిజం సెప్పినా నమ్మేలా సెప్పాల. అదే మా సదువు."

దీనికి నేను ఏళ్ల తరబడి చదువు చెప్పిస్తున్నది ఈ ముక్క కోసమా అనిపించింది. మా అమ్మాయి రాజకుమారి పొయ్యి దగ్గర్నుంచి నవ్వుతోంది. తల్లీకూతుళ్లు ఇద్దరూ ఒకటే.

నిన్న సంతలో రవిబాబు కనిపించాడు. జీపులోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి అద్దం పైకెత్తాడు. చిక్కిపోయాడు. చిక్కితే నాకేం.

డిసెంబరు 14

ఇది నేను, బేబిని, రాసుకుంటున్నాను. అమ్మమ్మకి చదివి వినిపించను.

పొద్దున్న రాళ్లు లెక్కపెట్టాను. ఇన్నేళ్లలో ఎవరూ లెక్కపెట్టలేదు. అమ్మమ్మ యాభై అంటే యాభై. మొదట పది రాళ్లున్నాయి. తర్వాత అమ్మమ్మ చెప్పే గేదెల దారి. ఆ తర్వాత ముప్ఫై మూడు. మళ్లీ లెక్కపెట్టాను. నలభై మూడే. గేదెల దారిని అడుగులతో కొలిచాను. రాయికి రాయికి ఉన్న ఎడం ప్రకారం సరిగ్గా ఏడు రాళ్లు పట్టే చోటు. గేదెలు ఆ వైపు నుంచి వెళ్లవు. ఆ వైపు గెడ్డ లోతు.

పది రాళ్లంటే పదేళ్లు. ఆ తర్వాత ఏడేళ్లు లేవు.

ఎవిడెన్స్ క్లాసులో మా సార్ ఒక మాట చెప్పారు: సాక్షి ఒక మాటని అడక్కుండానే పదే పదే చెప్తుంటే అక్కడ ఆగి చూడండి అని. ఈ పుస్తకంలో "ఒక్క ఏడూ తప్పలేదు" అన్నది నా చేతి రాతే.

డిసెంబరు 20

లెక్క తప్పిందంటోంది బేబి. నీ లెక్కే తప్పన్నాను. మళ్లీ లెక్కపెట్టానంది. గెడ్డ పొంగినప్పుడు కొట్టుకుపోయాయన్నాను. గట్టు మీదికి గెడ్డ రాదు కదా అమ్మమ్మా అంది. గేదెలు పడదోశాయన్నాను. పడితే పక్కనే ఉండాలి కదా అంది.

ఈవేళ ఇంకేం రాయించను.

జనవరి 3

ధనరాజు మోటారుసైకిలు మీద వచ్చాడు. ప్రసాద్ వాళ్లు కొత్త కాగితం వేశారట, నకలు తెచ్చాడు. నలభై ఏళ్ల కిందటిది. గెమ్మెలి రత్నాలు అనే నేను ఇష్టపూర్తిగా సాహుకారు గారి ఇంట పనికి ఉంటున్నాను, నాకు సొంత భూమి ఏమీ లేదు, అని ఉందట. కింద వేలిముద్ర.

నాకు సొంత భూమి ఏమీ లేదు అని ఉందట.

"నీదేనా అమ్మా?" అని అడిగాడు.

బేబి నా మొహంలోకి చూస్తోంది. రాజకుమారి చూస్తోంది.

"నాది కాదు" అన్నాను.

"అదే సెప్పు. ముద్ర సెదిరిపోయింది, ఏ నిపుణుడూ తేల్చలేడు. నాది కాదని గట్టిగా ఒక్క మాట అను. సాలు. ఈ నెల ఇరవై మూడున మేడం గారు భూమి సూడ్డానికొస్తారు. యాభై రాళ్లూ సూపించు. ఒప్పేసుకుంటారు."

యాభై అన్నాడు. బేబి లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కాఫీ ఇచ్చింది.

జనవరి 4

పొద్దున్నే గెడ్డకి వెళ్లాం. రాళ్లు ఏరాం. మోకాలెత్తువి, ఏడు. బేబి ముందు రానంది.

"ఇది సాక్ష్యం తయారు సెయ్యడం అమ్మమ్మా. నన్ను కాలేజీలోంచి తీసేత్తారు."

"నిన్నెవడు అడిగాడు? కావిడి పట్టు. నువ్వు సాక్ష్యం మొయ్యట్లేదు, రాళ్లు మోత్తన్నావు."

"నిలబెడితే తెల్లారీసరికి తెలిసిపోద్ది. అయి నాచు పట్టి నల్లగున్నాయి. ఇయి తెల్లగున్నాయి."

"పేడా కుడితీ పుయ్యి. బేగి పడతాది నాచు."

పూసింది. గట్టున పడేసి ఏడింటికీ పూసింది. పూస్తూ ఏడ్చింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

జనవరి 8

ఫోన్లో. నాచు పట్టలేదు. కుక్కలు నాకుతున్నాయి.

జనవరి 10

రాయి. ఇది కొట్టెయ్యకు. నేను తిట్టినా కొట్టెయ్యకు.

గడ్డపార తీసుకుని మెట్టుకి వెళ్లాను ఇవాళ, ఆ ఏడూ నిలబెట్టేద్దామని. మొదటి గొయ్యి తీశాను. ఒళ్లో చోళ్లున్నాయి. గుప్పెడు తీసి గోతిలో వెయ్యబోతే చెయ్యి తెరుచుకోలేదు. అబద్ధానికి చోళ్లు వేస్తే నాన్న ఏమంటాడు.

నాన్న ఒక మాట చెప్పాడు. ఇంట్లో ఒక్కరు గొత్తిలో ఉన్నా ఆ ఏడు రాయి నిలబెట్టకూడదు అని. నేను ఊరంతటికీ చెప్పిన కట్టుబాట్లలో ఈ ఒక్కదాన్ని చెప్పలేదు.

రాజకుమారికి మూడేళ్లు. చలిజ్వరం. మూడో రోజుకి కళ్లు తేలేసింది. స్వామి దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తాడు కానీ ఎస్.కోట ఆసుపత్రి ఎక్కడ, మేమెక్కడ. కొండ మీద ఉన్న జీపు ఒక్కటే, సాహుకారుది. వాకిట్లో నిలబడి అడిగాను. విడుపు వచ్చిన పదేళ్లకి, నా కాళ్లతో నేనే నడిచి వెళ్లి అడిగాను. ఆయన కోప్పడలేదు కూడా. జీపిస్తాను, రేపట్నుంచి వాకిలి ఊడవడానికి రా అన్నాడు. ఎన్నాళ్లు అని నేను అడగలేదు. నేను చాలు అన్నంతవరకు అని ఆయన చెప్పలేదు. కాగితం మీద వేలేశాను. ఆసుపత్రికి చీటీ అన్నారు.

ఏడేళ్లు వెళ్లాను. పొద్దున్న వాళ్ల వాకిలి, సాయంత్రం నా మెట్టు. దుక్కి స్వామి దున్నేవాడు, కలుపు నేను తీసేదాన్ని. భూమిని ఒక్క ఏడు కూడా బీడు పెట్టలేదు. రాయి మాత్రం నిలబెట్టలేదు. ఏటా అడుగు చోటు వదిలేసి ఊరుకున్నాం. గేదెల దారి అని ఊళ్లో చెప్పింది నేనే. చెప్పి చెప్పి నేనూ నమ్మాను.

సాహుకారు పోయాడు. మర్నాడు నేను వెళ్లలేదు. ఎవరూ పిలవలేదు. అంతే. అంత తేలికని తెలిస్తే ఏడేళ్లు ఎందుకు పోతాను.

రాజకుమారికి ఇది తెలియదు. చెప్పొద్దు.

జనవరి 10, తర్వాత

బేబిని. అమ్మ గుమ్మం అవతలే ఉంది. మొత్తం వింది. లోపలికొచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుని చాటలో బియ్యం ఏరడం మొదలెట్టింది. తలెత్తకుండానే, "ఆ జీపు ఏ రంగే అమ్మా?" అంది. "ఆకుపచ్చ" అంది అమ్మమ్మ. ఇద్దరూ బియ్యం ఏరుకున్నారు.

కాలేజీలో మాకు కేసు గెలవడం నేర్పుతారు. అమ్మమ్మ ఈ మాట చెప్తే కేసు పోవచ్చు. వేలిముద్ర ఒప్పుకుంటే కాగితం ఒప్పుకున్నట్టే. అర్జీలో యాభై అన్నది అబద్ధమని తనే చెప్పినట్టు. ధనరాజు గారు వద్దనే అంటారు. నేనూ వద్దనే చెప్పాలి. చెప్పలేదు.

జనవరి 23, శుక్రవారం

మేడం గారు వచ్చారు. గట్టు మీద బూట్లతోనే నడిచారు, జారినా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నాకు నచ్చింది. లక్ష్మీప్రసాద్ తెల్లచొక్కా, వాడి లాయరు నల్లకోటు. రవిబాబు జీపు దగ్గరే ఉండిపోయాడు. ఊళ్లోవాళ్లు ఎగువన కూర్చున్నారు. సర్కసు చూడ్డానికి వచ్చినట్టే వచ్చారు.

నల్లకోటు రాళ్లు లెక్కపెట్టించాడు. గట్టిగా, ఒక్కొక్కటీ వేలు పెట్టి.

"నలభై మూడు మేడం. అర్జీలో యాభై. ఇంకో వింత చూడండి." ఖాళీ పక్కన పడి ఉన్న ఏడు రాళ్ల దగ్గరికి పోయి వంగాడు. "పేడ వాసన ఇంకా పోలేదు. మనం వస్తున్నామని సాక్ష్యం తయారు చేస్తున్నారు. నిలబెట్టడానికి టైము చాలలేదు, అంతే."

ధనరాజు ఆకాశం వైపు చూశాడు. బేబి నా కొంగు పట్టుకుంది.

మేడం గారు నన్నే అడిగారు. "ఏమమ్మా, ఈ రాళ్లు ఎవరు తెచ్చారు?"

"నానే. ఈ యేడు రాళ్లూ అబద్దం ఆడ్డానికి తెచ్చినాను మేడమ్మా. పేడా నానే పూయించినాను. ఆడలేకపోనాను. అందుకే అలగ పడున్నాయి."

"చూశారా!" అన్నాడు నల్లకోటు.

"నువ్వాగు బాబూ. తొమ్మిది నిమిషాలు తిట్టొద్దని నాకు సెప్పినారు. ఆ తొమ్మిదీ మిగిలున్నాయి."

మేడం గారు నవ్వలేదు గానీ వాడిని ఆగమన్నారు.

అప్పుడు చెప్పాను. జీపు గురించి, జ్వరం గురించి, వాకిలి గురించి. ఒక్క తిట్టు లేదు. చెప్తున్నంతసేపు ఊళ్లోవాళ్లని చూడలేదు, రాళ్లనే చూశాను. "ఆ కాయితం మీద యేలు నాదే" అని బొటనవేలు ఎత్తి చూపించాను. "భూమి నేదని ఉందని నాకు సదివి సెప్పనేదు. ఆసుపత్రికన్నారు. మూడేళ్ల గుంట సచ్చిపోతంటే ఏటి రాసినారని ఎవుతి అడుగుద్ది?"

"మరి అర్జీలో యాభై అని ఎందుకు చెప్పారు?"

"సిగ్గు మేడమ్మా."



మేడం గారు కాగితం తీసి తారీకు చూశారు. మొదటి రాయి దగ్గర్నుంచి నడుచుకుంటూ వచ్చారు, పైకే ఏడాదులు లెక్కపెడుతూ. డెబ్భై ఆరు, డెబ్భై ఏడు... పదో రాయి దగ్గర ఎనభై అయిదు అన్నారు. ఖాళీలో కాలు పెట్టి ఎనభై ఆరు అన్నారు. ఆగారు. కాగితం మళ్లీ చూశారు. ఎనభై ఆరు జనవరిదట అది. అడుగు వేస్తూ తొంభై రెండు దాకా వెళ్లారు. మళ్లీ రాయి తగిలింది.

"నల్లగా నాచు పట్టిన ఈ వరస కేసు కోసం పెట్టింది కాదు కదా లాయరు గారూ," అన్నారు. "కేసు వచ్చి ఏడాది దాటింది, అంతే. మీరు మొన్న వేసిన కాగితంలో ఉన్న ఏడాదిని ఈవిడ ఎప్పుడో గట్టు మీద ఖాళీగా వదిలిపెట్టారు. మీ కాగితమే ఈవిడ రాళ్లకి సాక్ష్యం చెప్తోంది."

నల్లకోటు ఏదో అన్నాడు. మేడం గారు వినలేదు. రవిబాబుని పిలిపించారు.

"పట్టా నీ పేరునే ఉంది కదా. ఈ మెట్టు మీద నువ్వేం పండిస్తున్నావు?"

రవిబాబు నావైపు చూడలేదు. చేల వైపూ చూడలేదు. లక్ష్మీప్రసాద్ వైపు చూశాడు. అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు తెలుసు. వాకిలి ఊడుస్తూ ఏడేళ్లు నేనూ అలాగే చూశాను, ఇక వెళ్లనా అని.

మేడం గారు ఏదో రాసుకున్నారు.

అందరూ వెళ్లేటప్పుడు బేబి వాడిని దారిలో ఆపి అడిగింది. పోయినదానికి ముందటి వానాకాలం ఘాట్ రోడ్డులో జీపు లోయలోకి ఒరిగిందట. ఆ నష్టానికి బదులు, ఇక వెళ్లొచ్చు అని ప్రసాద్ బాబు అన్నంతవరకు ఉండాలట. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాలట. "మీరు సదూకున్నోలు, మీకు తెలీదు" అన్నాడట బేబితో.

పోయిన ఏడు రాయి వాడు అలా ఉండగా నిలబెట్టాను. ఉద్యోగం అనుకున్నాను. తెలియక నిలబెట్టిన రాయి, ఉండనీ.

ఫిబ్రవరి 9

బేబిని. విశాఖ హాస్టలు.

మా జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ముఖ్యమైన దినాల పట్టికలో ఒక వరస ఉంది: ఫిబ్రవరి 9, వెట్టిచాకిరి నిర్మూలన దినం. నోటీసు బోర్డులో లేదు. కార్మిక చట్టాలు చెప్పే సారుని అడిగితే, "అలా ఒకటి ఉన్నట్టుంది" అన్నారు. క్లాసులో మాత్రం ఇవాళ చాక్లెట్ డే. పక్క బెంచీ రమణి నాకూ ఒకటి ఇచ్చింది. తిన్నాను, బాగుంది. దానికి అమ్మమ్మ రాళ్ల గురించి చెప్పాను. "నీ మూట్ కోర్టుకి భలే పనికొస్తుందే" అంది.

మేడం గారు నమ్మింది అమ్మమ్మ మాటనా, ఖాళీనా అని ఆలోచిస్తున్నాను. మేం వాదనంటే గట్టున రాళ్లు పేర్చడం అనుకుంటాం. ఎక్కడ పేర్చకూడదో మాకు ఏ పేపరులోనూ లేదు.

ఫిబ్రవరి 10

ఫోన్లో. ధనరాజు కబురు చెప్పాడు. ఆర్డరు వచ్చింది. పట్టా రద్దు. మెట్టు నాది. నేను గట్టిగా ఏమీ అనలేదు, పైగట్టు మీద ఉన్నాను కదా, ఊరంతా వింటుంది. తర్వాత ఊరు వినేలాగే అన్నాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం, విడుపు రోజు

ఊరు ఊరంతా వచ్చింది. డీజే లేదు. రాజకుమారి పెద్ద కుండతో అంబలి కాచింది. ఎవరికి వాళ్లే ముంచుకున్నారు. కుర్రవాళ్లకి ఆ కట్టుబాటు తెగ నచ్చింది. తల్లులు ఏదైనా చెప్పబోతే, "ఇయ్యాల పని సెప్పకూడదు!" అని అరుస్తున్నారు. ఒకడు నా ముందే నా చుట్ట తీసుకుపోయాడు. తెచ్చి ఇవ్వరా అనడానికి లేదు.

బేబి తెల్లవారకుండానే గెడ్డ నుంచి రాయి తెచ్చింది. మంచి రాయి, నడుం దగ్గర ఎర్రచార. నేను గొయ్యి తీశాను. అందరూ చుట్టూ చేరారు. ఆర్డరు కాగితం బేబి చదివింది. నాకు సగమే అర్థమైంది, ఆనాటిలాగే.

"ఇంక నిలబెట్టు అత్తా" అన్నారెవరో. పని చెప్పారు, ఈ రోజున! ఉరిమి చూశాను.

అప్పుడు రోడ్డు మీద జీపు ఆగింది. రవిబాబు దిగి తలుపు దగ్గరే నిలబడ్డాడు. రాలేదు. పోలేదు.

ఇంకేరోజయినా అయితే ఇక్కణ్ణుంచే కేకేసేదాన్ని. ఒరే, ఆ తాళం వాడి మొహాన కొట్టి రారా అని. చెవి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఈ రోజు చెప్పకూడదు. నాన్న పెట్టిన కట్టుబాటు. యాభై ఏళ్లుగా నా నాలుకకి ఇంత కష్టం ఎప్పుడూ రాలేదు.

గట్టు మీద రాయిని పడుకోబెట్టాను. చోళ్లు ఒళ్లోనే ఉంచుకున్నాను.

"ఈ యేడు నిలబెట్టను" అన్నాను. "మా ఇంట్లో ఒకడు ఇంకా గొత్తిలో ఉన్నాడు."

గాలికి మాట రోడ్డు దాకా పోయిందో లేదో తెలియదు. కాసేపటికి జీపు వెళ్లిపోయింది.

కేసు గెలిచిన ఏడు రాయి లేకుండా పోతుందా అని రాజకుమారి ఏడ్చింది. ఎనిమిదో ఖాళీ అయితే అవనీ. ఈసారి గేదెల దారి అని మాత్రం చెప్పను. చోళ్లు తీసుకెళ్లి రాయి పక్కన ఆకులో పెట్టి వచ్చాను. ఎవరికోసమని అడిగింది బేబి. కాకులకన్నాను.

ఫిబ్రవరి 15, శివరాత్రి

నిన్న లక్ష్మీప్రసాద్ జీపు తనే నడుపుకుంటూ కొండ దిగాడట. సంత దగ్గర అందరూ చూశారట.

పొద్దున్న మెట్టుకి వెళ్లాను. రాయి నిలబడి ఉంది. నేను నిలబెట్టలేదు. బేబి నిలబెట్టలేదు. కాస్త గెడ్డ వైపు ఒరిగింది. స్టీరింగు పట్టిన చేతులకి గడ్డపార ఏం తెలుసు. ఆకులో చోళ్లు లేవు. కాకులు తినేశాయేమో అనుకున్నాను.

కూర్చుని చేత్తో రాయి మొదలు తవ్వి చూశాను.

వేశాడు.